ఒకే గడ్డకు రెండు రిపోర్టులు



ఈ తూరి రాసేది కొంచెం బరువైన సంగతి, మా ఇంటి సంగతి. మా ఇంటామెను అడిగి, ఆమె సరే అన్నాకే రాస్తున్నాము. "నా పేరు వద్దు, ఆస్పత్రుల పేర్లూ వద్దు. జరిగింది మాత్రం దాచకుండా రాయండి. మన ఆడవాళ్ళలో నలుగురికైనా పనికొస్తుంది" అన్నది. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నలభై దాటినాక మన సంఘం ఆదివారం క్లాసులో దిద్దుకున్నాము. తప్పులుంటే ఎప్పటిలాగే మన్నించండి.

మూడేండ్ల కింద మార్గళి నెల. శ్రీరంగంలో వైకుంఠ ఏకాదశికి పోవాలని ఇంట్లో అంతా సిద్ధం చేసుకుంటూ ఉన్నాము. ఆమె స్నానం చేసి వచ్చి, "ఎడమ పక్క రొమ్ములో చిన్న నిమ్మకాయంత గట్టిగా ఏదో తగులుతాంది. నొప్పి లేదు" అన్నది. నొప్పి లేదు కాబట్టి పండగ అయ్యాక చూసుకుందామని చెప్పినది మేమే. పది రోజులు అట్లా పోయినవి. ఇక్కడే మొదటి మాట చెప్పేస్తాము. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. రొమ్ము క్యాన్సర్ గడ్డలు మొదట్లో ఎక్కువగా నొప్పి లేకుండానే ఉంటాయి.

తర్వాత మామోగ్రామ్, స్కాన్, సూది బయాప్సీ అయినవి. సూది బయాప్సీ అంటే గడ్డలో నుంచి సేమ్యా పోగులాంటి సన్నని ముక్కలు నాలుగైదు తీస్తారు. ఒక శనివారం మధ్యాహ్నం తీసినారు. వారం దాటినాక రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. 'ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 2'. కింద మూడు వరుసలు: ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్, హెర్-2 నెగటివ్. డాక్టరు చూసి, "దీన్ని ట్రిపుల్ నెగటివ్ అంటారు. హార్మోన్ మాత్రలు దీనికి పనిచేయవు. ఆపరేషన్ అయినాక కీమో తప్పదు" అన్నారు.

ఆపరేషన్ అయింది. గడ్డ 1.8 సెంటీమీటర్లు. చంకలో గ్రంథులు తీసి చూస్తే అందులో ఏమీ లేదు. తొందరగానే పట్టుకున్నామని అందరూ ధైర్యం చెప్పినారు. ఆపరేషన్‌లో తీసిన గడ్డను ఇంకో ల్యాబులో పరీక్ష చేసినారు. రెండు వారాలకు ఆ రిపోర్టు మా చేతికి వచ్చింది. ఈఆర్ పాజిటివ్, 80 శాతం, ఆల్‌రెడ్ స్కోరు 7. పీఆర్ పాజిటివ్, 30 శాతం. హెర్-2 నెగటివ్.

అదే మనిషి, అదే రొమ్ము, అదే గడ్డ. ఒక కాగితం లేదంటుంది, ఇంకో కాగితం ఉందంటుంది.

ఆ రోజు ఇంట్లో జరిగింది రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాము. బెంగుళూరు నుంచి కొడుకు ఫోన్‌లో, "నాయనా, రెండోదే కరెక్టు. పెద్ద ముక్క చూసి చెప్పినారు. కీమో వద్దని చెప్పేయండి" అన్నాడు. మా బావమరిది, అంటే ఆమెకు అన్న, "రెండిట్లో చెడ్డదాన్ని నమ్మితే నష్టం లేదు. మొదటి రిపోర్టు పట్టుకొని కీమో ఇప్పించండి బావా" అన్నాడు. వాడు నమ్మాలనుకున్నది వాడు, వీడు భయపడినది వీడు చెప్పినారు. గడ్డను చూసి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. మేము ఏం చేసినాము? రెండో రిపోర్టును మడిచి, బీరువాలో పెన్షన్ కాగితాల ఫైలులో పెట్టినాము. ఆమెకు చెప్పలేదు. నాలుగు రోజులు చెప్పలేదు.

ఐదో రోజు ఏదో జెరాక్సు కోసం ఆమే ఆ ఫైలు తీసింది. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు, పాజిటివ్ నెగటివ్ మాత్రం చదవగలదు. కాగితం చేతిలో పెట్టుకొని వంటింటి గడప మీద కూర్చుంది. "మేము చూసుకుంటాము, మేము అడుగుతాము అంటా ఉంటారు. ఆ మేములో నేను ఉండానా లేదా?" అన్నది. ముప్పై ఎనిమిదేండ్ల కాపురంలో మమ్మల్ని అంత సూటిగా ఎప్పుడూ అడగలేదు. జవాబు చెప్పలేకపోయినాము.

కొంచెం సేపటికి ఆమే మళ్ళీ, "మీ గూడ్స్ షెడ్‌లో రెండు తూకాలు వస్తే ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది.

మన సంఘంలో రైల్వే వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు ఇది తెలుసు. బండి ఎక్కించే చోట వే బ్రిడ్జి మీద ఒక బరువు, దించే చోట ఇంకో బరువు వచ్చేది. మొదట్లో మేము కూడా ఎవడో దొంగ అనుకొనేవాళ్ళము. మా పెద్ద గుమాస్తా నేర్పినది వేరు. ముందు వ్యాగన్ పక్కన పెయింటుతో రాసిన ఖాళీ బరువు చూడు. ఆ బరువు సరిగా తీసేసినారా చూడు. వాన పడిందా, సరుకు తడిసిందా అడుగు. బ్రిడ్జి సున్నా చూపించాకే బండి ఎక్కించినారా అడుగు. అప్పటికీ తేలకపోతే మళ్ళీ తూయించు. రెండు అంకెల్లో నీకు ఇష్టమైనది రాయవద్దు, రెండూ కలిపి సగం చేసి రాయవద్దు. అది గూడ్స్ షెడ్ పాఠం. సరుకు విషయంలో ముప్పై ఏండ్లు పాటించినాము, ఇంటి మనిషి విషయంలో మరిచిపోయినాము.

మరుసటి రోజు ఇద్దరమూ కలిసి డాక్టరు దగ్గరికి పోయినాము. రెండు రిపోర్టులూ బల్ల మీద పెట్టి, "దీన్ని మూడో చోట చూపించవచ్చునా?" అని ఆమే అడిగింది. డాక్టరు కోప్పడలేదు. "తప్పకుండా చూపించాలి" అన్నారు. రెండు ల్యాబులకూ పోయి స్లైడులు, బ్లాకులు అడిగి తీసుకోమన్నారు. బ్లాకు అంటే మన శరీరం ముక్కను మైనంలో పెట్టి గడ్డకట్టించిన చిన్న బిళ్ళ. పరీక్ష అయిపోయినా దాన్ని పారేయరు, దాచిపెడతారు. రాసి ఇచ్చి సంతకం పెడితే రెండో అభిప్రాయం కోసం ఇస్తారు. ఈ సంగతి మాకు అంతవరకు తెలియదు. రిపోర్టు అంటే కాగితమే అనుకున్నాము. అసలు రిపోర్టు ఆ బిళ్ళలో ఉంది.

అవి తీసుకొని చెన్నైలో ఒక పెద్ద ఆస్పత్రికి పోయినాము. అక్కడ పెథాలజీ డాక్టరమ్మ చిన్న వయసు. మామూలుగా పెథాలజీ వాళ్ళు మనకు కనపడరు. ఈమె మా ఇద్దరినీ లోపలికి పిలిచి, కంప్యూటర్ తెర మీద స్లైడులు చూపించి, తమిళంలో గంటసేపు చెప్పింది. మాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాము.

ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉత్తరంలాగా రక్తంలో తిరుగుతుంది. కొన్ని కణాల్లో ఆ ఉత్తరం అందుకొనే ఏర్పాటు ఉంటుంది. దాన్నే రిసెప్టర్ అంటారు, తెలుగులో గ్రాహకం. ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ గ్రాహకం, పీఆర్ అంటే ప్రొజెస్టిరోన్ గ్రాహకం. క్యాన్సర్ కణంలో ఈ గ్రాహకం ఉంటే, ఈస్ట్రోజన్ ఉత్తరం అందినప్పుడల్లా 'పెరుగు' అనే ఆజ్ఞ అందినట్టు. అట్లాంటి గడ్డకు మాత్రలతో అడ్డం వేయవచ్చు. టామాక్సిఫెన్ ఆ గ్రాహకంలో తానే కూర్చొని ఉత్తరాన్ని అందనివ్వదు. లెట్రోజోల్ లాంటివి, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళలో, ఉత్తరమే తయారు కాకుండా చేస్తాయి. గ్రాహకం లేని గడ్డకు ఈ మాత్రలు ఎన్ని మింగినా ప్రయోజనం ఉండదు. అందుకే ఆ ఒక్క వరుస మీద ఇంత ఆధారపడి ఉంది. పాజిటివ్ ఉన్నవాళ్ళు 5 ఏండ్లు టామాక్సిఫెన్ వేసుకుంటే, తర్వాతి ఏండ్లలో ఈ జబ్బుతో చనిపోయే ప్రమాదం సుమారు మూడోవంతు తగ్గిందని వేలమంది మీద చేసిన పరిశోధనలు చూపించినవి. లేదని తప్పుగా రాస్తే ఆ మూడోవంతు రక్షణ చేజారిపోతుంది. ఉందని తప్పుగా రాస్తే, కావలసిన కీమో మానేసి పనిచేయని మాత్ర మింగుతూ కూర్చుంటారు. రెండు పక్కలా నష్టమే. "చెడ్డదాన్ని నమ్మితే నష్టం లేదు" అన్న మా బావమరిది మాట అందుకే తప్పు.

తర్వాత ఆమె రంగులు చూపించింది. ఈ పరీక్షలో గ్రాహకం ఉన్న కణాల నడిమి గింజ గోధుమ రంగుకు మారుతుంది. లేనివి నీలంగా ఉంటాయి. వందలో ఎన్ని గోధుమ రంగు, ఎంత ముదురుగా ఉన్నాయి, ఈ రెండూ చూసి రాస్తారు. ఆల్‌రెడ్ స్కోరు అంటే అదే. ఎన్ని అన్నదానికి 5 వరకు, ఎంత ముదురు అన్నదానికి 3 వరకు, మొత్తం 8. మా ఇంటామెకు 5కు 2 కలిపి 7.

మొదటి రిపోర్టు స్లైడు పెట్టినప్పుడు తెర అంతా నీలం. అప్పుడు డాక్టరమ్మ, "ఇందులో మంచి కణాలు ఎక్కడున్నాయో చూడండి" అన్నది. మాకు ఏం తెలుసు! ఆమే చెప్పింది. రొమ్ములో జబ్బు లేని మామూలు పాలనాళాల్లో కూడా కొన్ని కణాలకు ఈఆర్ ఉంటుంది. గడ్డ పక్కన ఆ మామూలు నాళం కనబడి, అది గోధుమ రంగుకు మారితే పరీక్ష పనిచేసినట్టు. అప్పుడు గడ్డ నీలంగా ఉంటే నిజంగానే నెగటివ్. మామూలు నాళమూ నీలంగా ఉంటే పరీక్షే పనిచేయలేదు. మొదటి సూది ముక్కల్లో మామూలు నాళమే లేదు. పరీక్ష పనిచేసిందో లేదో ఆ ముక్కలోనే చెప్పే సాక్షి లేడు. ఆమె చెప్పేటప్పుడు మాకు వ్యాగన్ పక్కన రాసిన ఖాళీ బరువు గుర్తుకు వచ్చింది. అది చూడకుండా బరువు రాసినట్టు ఉంది ఆ నెగటివ్.

రెండో స్లైడులో గడ్డ పక్కనే మామూలు నాళాలు ఉన్నాయి, గోధుమ రంగులో బాగా కనబడుతున్నాయి. గడ్డ కూడా గోధుమ రంగే.

ఇంకో కారణం కూడా ఉండవచ్చునన్నది. తీసిన ముక్కను గంటలోపల ఫార్మలిన్‌లో వేయాలి. అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. ఆలస్యమైతే, లేక సరిగా ఊరకపోతే గ్రాహకాలు చెడిపోయి, ఉన్నా లేనట్టు కనబడవచ్చు. మొదటి ల్యాబు ఫారంలో ముక్క తీసిన టైమూ లేదు, ఫార్మలిన్‌లో వేసిన టైమూ లేదు. శనివారం మధ్యాహ్నం తీసినది మాత్రం మాకు గుర్తుంది. "ఇదే కారణమని నేను ఖాయంగా చెప్పలేను. కానీ ఈ నెగటివ్‌ను నమ్మి వైద్యం చేయలేము" అన్నది డాక్టరమ్మ. ఆ మాటలో మాకు నిజాయితీ కనబడింది.

అన్ని తేడాలూ తప్పుల వల్లనే రావని కూడా చెప్పింది. ఒకే గడ్డలో ఒక మూల గ్రాహకాలు ఉండి ఇంకో మూల లేకపోవచ్చు. సూది తగిలిన చోటు లేని చోటైతే రెండు రిపోర్టులూ నిజమే. ఒకే రొమ్ములో రెండు వేరే గడ్డలు ఉండవచ్చు. నడుమ కీమో ఇచ్చి ఉంటే దానివల్ల కూడా మారవచ్చు. ఏండ్ల తర్వాత జబ్బు తిరిగి వస్తే పాత రిపోర్టును నమ్ముకోకుండా మళ్ళీ ముక్క తీసి చూస్తారు.

ఇంకొకటి, మాట తేడా. పూర్వం చాలా ల్యాబులు 10 శాతం దాటితేనే పాజిటివ్ అని రాసేవి. 2010లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల, పెథాలజీ డాక్టర్ల సంఘాలు కలిసి 1 శాతం ఉన్నా పాజిటివ్ అనాలని గీత గీసినవి. 2020లో 1 నుంచి 10 శాతం మధ్య ఉన్నదాన్ని 'లో పాజిటివ్' అని వేరుగా రాయమన్నవి, ఎందుకంటే అట్లాంటి గడ్డకు మాత్ర ఎంతవరకు పనిచేస్తుందో అన్నదానికి ఆధారాలు తక్కువ. కాబట్టి పాజిటివ్, నెగటివ్ అనే మాట చూసి ఊరుకోరాదు. పక్కన అంకె ఉందా చూడాలి. అంకె లేకపోతే అడిగి రాయించుకోవాలి.

పది రోజులకు వాళ్ళ రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ బ్లాకును వాళ్ళు మళ్ళీ పరీక్ష చేసినారు: ఈఆర్ 80 శాతం పైన, మామూలు నాళాలూ సరిగా రంగు తీసుకున్నవి. సూది ముక్కల బ్లాకులో మిగిలిన దాన్ని కొత్తగా కోసి చూస్తే, పలచగా, కొన్ని కణాల్లో మాత్రం రంగు వచ్చింది. పూర్తిగా లేదన్న మొదటి మాట నిలబడలేదు. 'పాజిటివ్‌గా పరిగణించాలి' అని రాసినారు.

తర్వాత కీమో సంగతి. గడ్డ చిన్నది, గ్రంథుల్లో లేదు, గ్రాహకాలు ఉన్నాయి, హెర్-2 లేదు. అట్లాంటివాళ్ళకు గడ్డలోని 21 జన్యువులు కొలిచే పరీక్ష ఒకటి ఉంది. 50 ఏండ్లు దాటినవాళ్ళకు అందులో స్కోరు 25 లేక అంతకు తక్కువ వస్తే, కీమో కలిపినందువల్ల అదనపు లాభం కనబడలేదని 2018లో వచ్చిన పెద్ద పరిశోధన చెప్పింది. ఖర్చు మా లాంటి పెన్షనరుకు చిన్నది కాదు. కొడుకు సగం పెట్టుకున్నాడు. స్కోరు 25 లోపల వచ్చింది. ఆ పరీక్షలో ఈఆర్ జన్యువును కూడా కొలుస్తారు, అదీ ఉందనే చెప్పింది. వేరే పద్ధతిలో అది ఇంకో సాక్ష్యం. డాక్టర్లు నలుగురు కూర్చొని కీమో అవసరం లేదన్నారు. రేడియేషన్ ఇచ్చి, లెట్రోజోల్ మాత్ర రాసినారు, రోజుకు ఒకటి, 2.5 మిల్లీగ్రాములు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ 'కీమో వద్దు' అనుకోవద్దు. మూడో చోట పరీక్షలో కూడా నెగటివ్ అనే వచ్చి ఉంటే మా ఇంటామె కీమో తీసుకొని ఉండేది, తీసుకోవలసిందే. నిజంగా ట్రిపుల్ నెగటివ్ అయిన ఎందరికో కీమోనే ప్రాణం నిలబెట్టింది. మేము చెప్పేది ఏ మందు మంచిదని కాదు. ఏది నిజమో తేల్చుకోకుండా మందు మొదలు పెట్టవద్దని, తేల్చుకుంటామని నెలలు గడపవద్దని. మాకు మొత్తం నాలుగు వారాలు పట్టింది. డాక్టరుకు చెప్పే చేసినాము కాబట్టి వైద్యానికి ఆలస్యం కాలేదు. బీరువాలో పెట్టిన నాలుగు రోజులు మాత్రం ఊరికే పోయినవి.

ఇప్పుడు మూడో సంవత్సరం. మాత్ర వేసుకోవడం సుఖం కాదు. పొద్దున్నే లేస్తే వేళ్ళు, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. ఎముకలు పలచబడతాయని స్కాన్ తీసి చూస్తారు, కాల్షియం, విటమిన్ డి ఇస్తారు. "మానేస్తే పోలేదా" అని ఒకసారి మేమే నోరు జారినాము. ఆమె ఊరుకోలేదు. "ఇంత పాటు పడి ఉందని తేల్చుకున్నాము కదా, ఊరికే మానేస్తానా?" అన్నది. ఆ 'తేల్చుకున్నాము'లో ఆమె ఉంది.

మన ఇండ్లలో ఒక అలవాటు ఉంది. ఇంటి మాట తెలుగు, డాక్టరు మాట తమిళం, రిపోర్టు ఇంగ్లీషు. మూడు భాషల మధ్య అసలు జబ్బు ఉన్న ఆడమనిషి చెవికి చేరేది, "ఏం కాదు, మేము చూసుకుంటాము" అనే ఒక్క మాట. మంచి మనసుతోనే చేస్తాము. కానీ మా ఇంట్లో సరైన ప్రశ్న అడిగింది ఆమే, మేము కాదు.

కాబట్టి బంధువులారా, మీ ఇంట్లో ఇట్లాంటి రిపోర్టులు రెండు వచ్చి ఒకదానికొకటి సరిపోకపోతే, డాక్టరును ఈ నాలుగు అడగండి. ఏ ముక్కను పరీక్ష చేసినారు, సూది ముక్కా, ఆపరేషన్ గడ్డా? దాన్ని ఎప్పుడు తీసి, ఎంతసేపట్లో ఫార్మలిన్‌లో వేసినారు? మామూలు నాళం కనబడిందా, దానికి రంగు వచ్చిందా? శాతం ఎంత? తర్వాత, బ్లాకులు తీసుకొని ఇంకో చోట చూపించాలా అని అడగండి. ఇవి అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని భయపడవద్దు. మంచి డాక్టరు వాటికి జవాబు చెప్తారు.

మేము డాక్టర్లము కాదు, గూడ్స్ షెడ్ గుమాస్తాలము. మందు సంగతి డాక్టర్లే చెప్పాలి. కానీ ల్యాబుకు పోయి బ్లాకులు అడిగి తేవడం, ఫారం నింపడం, ఇంగ్లీషు రిపోర్టు పక్కన కూర్చొని చదివి చెప్పడం మాకు చేతనవుతుంది. ఆదివారం సాయంత్రాలు సంఘం ఆఫీసులోనే ఉంటాము. రిపోర్టులు రెండూ తీసుకొని రండి. ఇంకొక్క మాట, జబ్బు ఉన్న మనిషిని కూడా వెంట పిలుచుకొని రండి. ఆడవాళ్ళు మాతో చెప్పడానికి మొహమాటపడితే మా ఇంటామె కూడా అక్కడే ఉంటుంది.